పడుగు కోసిన పొద్దు

సిరిసిల్ల వీధుల్లో గంజి పట్టిన నూలు వాసన తగిలితే నాకు ఏడవ తరగతి గుర్తుకు వస్తుంది. ఆ ఏడాది మా బడిలో ఎప్పుడు చూసినా చార్టులు, ప్రయోగాలు, నమూనాలే. నేను నేత పని చేసే మా బాపు సాయంతో అట్టపెట్టెలో చిన్న మగ్గం చేసి, నిలువు దారాల పడుగు పోసి, జానెడు బట్ట నేశాను. దాన్ని జిల్లా ప్రదర్శనకు పంపిస్తానని మా సైన్సు సారు అందరి ముందు మాట ఇచ్చారు. నేత పూర్తికాకుండా మా నేతపనివాళ్లు పడుగును కోయరని నేను చెబితే శ్రద్ధగా తల ఊపారు.

ప్రత్యేక తెలంగాణ కోసం సమ్మె జరుగుతున్న రోజుల్లో, ఊరేగింపు నాటి ఉదయం నేను తరగతిలోకి వెళ్లేసరికి, ఆయనే ఆ పడుగును బ్లేడుతో కోసి, ఆ దారాలతో జెండాలను కర్రలకు కడుతున్నారు.

"సార్, అది నా మగ్గం గద!"

"తెలంగాణ కోసమే బిడ్డా! దుకాణాలన్నీ బంద్ ఉన్నయి, దారం ఏడ దొరుకుతది? ప్రదర్శన గూడ బందే."

"నీ మగ్గం గూడ సమ్మెకు దిగిందే!" అని నా పక్క బెంచీ పిల్ల నవ్వింది.

నా ఏడుపు ఎవరికీ వినిపించకూడదని, ఆ రోజు అందరికంటే గట్టిగా నినాదాలు ఇచ్చాను.

తెలంగాణ వచ్చినప్పుడు మనస్ఫూర్తిగా సంతోషించాను. అయినా ఆ ఉదయాన్ని మరువలేకపోయాను. మా ఇంటినిండా నూలే ఉండేది. సారు ఒక్క మాట అడిగి ఉంటే, సంచి నిండా నూలు చుట్టిన కండెలు తెచ్చి ఇచ్చేదాన్ని.