మంచిదే

కుళాయిలు బాగుచేసే ఆ మేస్త్రి చెయ్యి పడితే ఏ గొట్టమూ చుక్క కార్చదు. ఇంట్లో ఆయన భార్య మాత్రం ఏ డబ్బా మూతా బిగించదు, ఊరికే పైన పెట్టి వదిలేస్తుంది. మూత పట్టుకుని ఎత్తితే మూత చేతికొస్తుంది, డబ్బా కాళ్ల మీద పడుతుంది. దీని గురించి ఆయన సణిగీ సణిగీ, ఆవిడ అలిగి పుట్టింటికి వెళ్లొచ్చాక, ఇకమీదట ఏం ఒలికినా నవ్వుతూ "మంచిదే" అనాలని తీర్మానించుకున్నాడు. నూనె ఒలికితే "మంచిదే, గచ్చు మెరుస్తుంది." పంచదార ఒలికితే "మంచిదే, చీమలు మాత్రం ఎక్కడికి పోతాయి?" అలా అనేటప్పుడు పళ్లు బిగుసుకునేవి, మీసం వణికేది.

"దానికంటే తిట్టండి. ఆ మంచిదే వింటే ఒళ్లు మండిపోతోంది," అంది ఆవిడ.

"మంచిదే," అన్నాడు.

మర్నాడు పొద్దున టీ పెట్టబోతే టీపొడి డబ్బా మూత రాలేదు. గుడ్డ చుట్టి తిప్పాడు, మోకాళ్ల మధ్య ఇరికించి తిప్పాడు, కాసేపు బతిమాలాడు కూడా. పనిసంచీలో రెంచీ కోసం వెతికితే అదీ లేదు. తలెత్తి చూస్తే, రెంచీ భుజాన వేసుకుని భార్య గుమ్మంలో నిలబడి ఉంది.

"అన్నీ బిగించేశానండీ. మంచిదేనా?"

"మంచిదా, నీ మొహమా?" అని ఇల్లు అదిరేలా కసిరాడు.

"హమ్మయ్య, ఇన్నాళ్లకి మా ఆయన ఇంటికొచ్చాడు," అంటూ ఆవిడ రెంచీ అందించింది.

ఇద్దరూ చెరోవైపు పట్టి తిప్పేసరికి మూత ఎగిరిపోయి, టీపొడంతా ఇద్దరి నెత్తినా పడింది.

"మంచిదే," అన్నాడు మేస్త్రి. ఈసారి మీసం వణకలేదు.