రేసు కారు రెక్క

ఆ రోజుల్ల నేను రేకుల పని చేసే ఫ్యాక్టరీల అల్యూమినియం రేకులు మాయమైతుండె. అనుమానం మా షిఫ్టు మీదనే ఉండె. గందుకే ఉప్పుగూడ స్టేషన్ల ఒకాయన గోనెసంచి చుట్టిన పొడుగాటి వస్తువు పట్టుకొని నేనున్న రైలు డబ్బాలకు ఎక్కంగనే నా చూపు దాని మీదనే పడ్డది. సంచి చిరిగిన కాడ కొత్త అల్యూమినియం మెరుస్తుండె.

"ఏంది భాయ్ అది?" అని అడిగిన.

"రెక్క అన్నా. మద్రాసుల రేసుకు పోయే కారుకు ముందట బిగిస్తం."

కారుకు రెక్కనా! వీనికి అబద్ధం చెప్పుడు గూడ రాదు అనుకున్న. కాచిగూడల పోలీసుకు పట్టియ్యాలని గట్టిగ అనుకున్న.

"కారు ఎగరాల్నా ఏంది?" అన్న.

"ఎగరొద్దనే అన్నా. చెయ్యి కిటికీ బయట చాపు. గాలికి ఎదురున్న అంచు జర కిందికి వంచు."

నా సంచి కొట్టేస్తడేమోనని దాన్ని కాళ్ల నడుమ ఇరికించుకొని చెయ్యి చాపిన. గాలి నా చెయ్యిని కిందికి అదిమింది.

"గట్లనే ముందటి చక్రాలను రోడ్డుకు అదుముతది. లేకుంటే జోరుల స్టీరింగ్ తిప్పినా కారు మలగది," అన్నడు. గోనెసంచి విప్పి, రెక్క వంపును అరచేత్తోని నిమిరిండు. అంత నున్నటి వంపు మా ఫ్యాక్టరీల ఎవ్వరూ తియ్యలేరు, నేను గూడ.

కాచిగూడల గేటు కాడ పోలీసు నిలబడే ఉండె. జనంల ఆ రెక్క డబ్బా తలుపుకు ఇరుక్కుంటే, రెండో కొస నేను పట్టుకున్న. పోలీసు ముందటి నుంచే ఇద్దరం మోసుకపోయినం.

ఆ రేకు ఎక్కడిదని మాత్రం నేను అడగలే.