ల్యాబు తాళాలు ఇచ్చిన మా హెడ్ గారు

మొన్న ఆదివారం భవానీపురంలోని మా ఇంటికి నా పాత విద్యార్థిని ఒకామె స్వీట్ల పెట్టెతో వచ్చింది. ఊళ్లోనే ఒక ఇంజినీరింగ్ కాలేజీలో చాలాకాలంగా పాఠాలు చెబుతున్న ఆమె ఈమధ్యే డిపార్టుమెంటుకి హెడ్ అయిందట. "లెక్చరర్ నుంచి ప్రిన్సిపాల్ దాకా వెళ్లారు కదా మేడం, కెరీర్ ఎలా ప్లాన్ చేసుకున్నారండీ?" అని నోటుబుక్కు తెరిచి కూర్చుంది. నాకు నవ్వొచ్చింది. మా రోజుల్లో ప్లాను అన్న మాట ఇల్లు కట్టుకునేవాళ్ల నోటే వినేవాళ్లం. నాకు తోచిందేదో ఆమెకు చెప్పి పంపానుగాని, ఆ సాయంత్రమంతా నా మనసు మా మొదటి హెడ్ గారి చుట్టూనే తిరిగింది.

మాది చేనేత కుటుంబం. నాన్న మగ్గం పక్కన కూర్చుని, పోగు ఎంత బిగిస్తే నిలుస్తుందో, ఎక్కడ తెగుతుందో చూస్తూ పెరిగినదాన్ని కాబట్టేమో, బంధువులంతా ఆడపిల్లకెందుకన్నా మెకానికల్ ఇంజినీరింగే చదివాను. హనుమాన్ జంక్షన్ దాటాక ఒక కాలేజీలో ఉద్యోగం వచ్చింది. రోజూ విజయవాడ నుంచి బస్సు ప్రయాణం. డిపార్టుమెంటులో నేనొక్కదాన్నే ఆడమనిషిని.

ఆ కాలేజీలో ఇనుప కడ్డీని రెండు వైపులా పట్టుకుని తెగేదాకా లాగే పెద్ద యంత్రం ఒకటుండేది. పాడైతే బాగుచేసేవాళ్లు దొరకరన్న భయంతో దానికి గుడ్డ కప్పి, ల్యాబుకి తాళం వేసి ఉంచేవారు. పిల్లలు పాత రికార్డుల్లోని లెక్కలే ఎక్కించుకుని పరీక్షలు గట్టెక్కేవారు. నాకది మింగుడు పడలేదు. చేరిన నెలకే ధైర్యం చేసి, ల్యాబు తెరిపించమని హెడ్ గారిని అడిగాను. ఆయన సొరుగులోంచి తాళాల గుత్తి తీసి నా ముందు పెట్టారు.

మూడు వారాలు పండగలా గడిచాయి. కడ్డీ సాగి సాగి ఫట్టున తెగినప్పుడల్లా పిల్లలు కేకలు పెట్టేవారు. నాలుగో వారం, బస్సు ఆలస్యమై పరుగున వెళ్లిన రోజున, మెత్తటి ఉక్కు బదులు గట్టి ఉక్కు కడ్డీని చూసుకోకుండా బిగించాను. అది తెగలేదు, కడ్డీని పట్టుకునే యంత్రం దవడ పగిలింది. యూనివర్సిటీ ప్రాక్టికల్ పరీక్షలు పది రోజుల్లో ఉన్నాయి, నా ఉద్యోగమా ఇంకా పర్మనెంటు కాలేదు.

ప్రిన్సిపాల్ గారు పిలిపించారు. నేను నోరు విప్పేలోపే హెడ్ గారు, "తాళాలిచ్చింది నేనండీ. వాడమన్నదీ నేనే. ఏం రాసుకున్నా నా పేరునే రాసుకోండి" అన్నారు. బయటికొచ్చాక నాకు ఏడుపొచ్చేసింది. ఆయన దాన్ని చూడనట్టే, "రేపు ఆ పిల్లలకి క్లాసుంది కదమ్మా, దవడ ఎందుకు పగిలిందో చెప్పండి. మీ పొరపాటని కూడా చెప్పండి. అదీ పాఠమే" అన్నారు.

చెప్పాను. ఒక్కరూ నవ్వలేదు. ఆ వారమంతా కాలేజీ కాగానే నేనూ ఆయనా ఆటోనగర్‌లో లేతు పనివాళ్ల చుట్టూ తిరిగాం. చివరికి ఒక పెద్దాయన పగిలిన ముక్కను అటూ ఇటూ తిప్పి చూసి, అచ్చం అలాంటిదే చేసి పెట్టారు. పరీక్షలకు ముందురోజు యంత్రం మళ్లీ కదిలింది. ఆ ఏడు మా పిల్లలు తమ సొంత లెక్కలే రాశారు. ఆ తర్వాత నేను పీహెచ్‌డీకి చేరితే, తన టైంటేబులు మార్చుకుని నా క్లాసులు తీసుకున్నదీ ఆయనే.

ఏళ్ల తర్వాత నేనే హెడ్‌నయ్యాను. ఒక కుర్ర లెక్చరర్ తయారుచేసిన ప్రశ్నపత్రంలో తప్పు దొర్లి పెద్ద గొడవైనప్పుడు, మీటింగులో అందరి కళ్లూ అతని మీదే. నాకు తెలియదని ఒక్క మాటంటే నేను బయటపడిపోతాను. నిజం చెప్పొద్దూ, ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది కూడా. దాన్ని మింగేసి, "చూసి సంతకం పెట్టింది నేనండీ" అన్నాను. మా హెడ్ గారు ఆనాడు అంత తేలిగ్గా అన్న మాట ఎంత బరువైనదో అప్పుడు తెలిసింది.

నేను ప్రిన్సిపాల్‌నయ్యేనాటికి ఆయన లేరు. ఆయనకు నేను నోరు తెరిచి కృతజ్ఞత చెప్పిన గుర్తు ఒక్కటీ లేదు. పెద్దవాళ్ల ముఖాన అలా అనడం మాకు మొహమాటంగా ఉండేది, ఏదో పరాయివాళ్లతో అన్నట్టుండేది. ఇప్పటి పిల్లలు చిన్న సాయానికీ వెంటనే థాంక్స్ చెప్పేస్తారు, ఫోనులోనూ రాసి పంపుతారు. మొదట్లో అది ఉత్త మర్యాదేలే అనుకునేదాన్ని. ఈ వయసుకొచ్చాక వాళ్ల పద్ధతే బాగుందనిపిస్తోంది. ఎదుటిమనిషి వినగలిగినప్పుడే చెప్పేస్తున్నారు.