అవ్వ చేతిలోంచి వెనక్కి పోయిన డబ్బా

ఇప్పుడు కీళ్లకు, చర్మానికి మంచివని అమ్మే కొల్లాజెన్ పొడులు చూసినప్పుడల్లా ఒక మనిషి గుర్తొస్తాడు. అందుకే ఇది రాసిపెడుతున్నాను.

ఎనభైల చివర మహబూబ్‌నగర్ బస్సులో మందులమ్మే ఒకతను మా అవ్వ చేతిలో పొడి డబ్బా పెట్టాడు. "మోకాళ్ల నొప్పులు పోతయవ్వా, మొఖం నున్నగైతది" అన్నాడు. దేనితో చేశారో డబ్బా మీద లేదు. ఇలాంటివి పశువుల ఎముకలు, తోళ్లు ఉడికించి తీస్తారని అంతకుముందే గ్రంథాలయంలో ఒక పుస్తకంలో చదివాను. తులసిమాల వేసుకున్న అవ్వ మాంసం, నీసు ముట్టదు.

"అన్నా, జర అవ్వ మాల పట్టుకొని చెప్పు. గిండ్ల నీసు లేదు కదా?" అన్నాను.

అతను మాల వైపు చూసి, డబ్బా వెనక్కి తీసుకున్నాడు.

అవ్వ నా మీదికి లేచింది. "ఇగ నా మోకాళ్లు నువ్వు మోస్తవారా?"

అతను డబ్బా వెనక్కి తీసుకున్నది నిజాయితీతోనో భయంతోనో నాకు నేటికీ అనుమానమే.

ఆ పుస్తకం తీసిచ్చిన లైబ్రేరియన్ నర్సయ్య సారుకు, నాతో కలిసి అవ్వను చెయ్యిపట్టి బస్సు దింపిన కండక్టర్ యాదగిరికి కృతజ్ఞతలు. డబ్బా వెనక్కి తీసుకున్న మనిషి పేరు నేను అడగలేదు.