నాయనను లేపకూడని రోజు

మా చిన్నప్పుడు... ఏడాదికి ఒక్క రోజు మా ఇంటి కోడిపుంజుకు జైలు పడేది. ముందురోజు సాయంత్రమే దాన్ని పట్టుకుపోయి, ఊరి బయట మా మేనత్త కొట్టంలో గంప కింద మూసి వచ్చేదాన్ని. అది కూస్తే నాయన లేస్తాడు మరి...

అదే మా పండగ. ఉగాది దాటాక వచ్చే మొదటి మంగళవారం, కుందుర్పి పక్కన మా పల్లెలో, మా గేరి, అంటే మా వీధి, మగవాళ్లంతా పొద్దెక్కేదాకా పడుకోవాలి. ఆడవాళ్లకు ఆ పండగ ఎందుకు లేదో అమ్మ అడగలేదు. నేను మాత్రం ఇప్పటికీ అడుగుతాను.

నాయన చిన్నప్పటినుంచీ రెడ్డి ఇంట్లో జీతానికి ఉండేవాడు. జీతం అంటే నెలనెలా చేతికొచ్చేది అనుకునేరు... తాత చేసిన అప్పుకు మనిషినే కట్టేసుకోవడం. కోడి కూయకముందే వాళ్ల మనిషి వచ్చి కట్టెతో మా తలుపు మీద బాదేవాడు. ఒళ్లు కాలిపోతున్నా లేచి పోవాల్సిందే.

తర్వాత వెట్టిచాకిరీ రద్దంటూ చట్టం వచ్చింది. ఆ ఏడు ఉగాది దాటాక ఒక సోమవారం జీపులో ఆఫీసర్లు దిగి, ఇకమీదట మీరు ఎవరికీ జీతగాళ్లు కారని చెప్పి పోయారు. మర్నాడు మంగళవారం... మా తలుపు మీద కట్టె పడలేదు. ఆ రోజే ఏటేటా మాకు పండగైంది.

నిజం చెప్పాలంటే, పండగ రోజు కూడా నాయనకు నిద్ర పట్టేది కాదు. కోడి కూయకపోయినా అదే వేళకు మెలకువ వచ్చేసేది. అయినా పంతం పట్టి దుప్పటి ముసుగేసుకుని కదలకుండా పడుకునేవాడు. నేను గడపలో కాపలా. పొద్దెక్కాక లేచి "బాగా నిద్రపోయినా" అనేవాడు. అమ్మా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకునేవాళ్లం.

నేను ఆరో తరగతిలో ఉండగా పెద్ద కరువు. పంచాయితీవాళ్లు చెరువులో మట్టి తీసే పని పెట్టారు. పొద్దు పొడవకముందే మేస్త్రీ పేర్లు పిలుస్తాడు. పలకకపోతే పేరు కొట్టేస్తాడు, మళ్లీ ఎక్కించడు. ఇంట్లో గింజలు లేవు... మంగళవారం దగ్గరికొచ్చింది.

"పండగ కడుపు నింపుతాదా? పనికి పో" అంది అమ్మ.

నాయన గేరివాళ్లను వెంటబెట్టుకుని పంచాయితీకి పోయాడు. వెనకాలే నేనూ. సర్పంచి ఎవరో కాదు, ఆ రెడ్డే. ఎప్పుడూ సామీ అని పిలిచే నాయన ఆ రోజు సామీ అనలేదు.

"రెడ్డీ, ఆ ఒక్క దినం మమ్మల్ని ఎవురూ లేపగూడదు. ఊరికంతా సెలవని నువ్వే చెప్పాల" అన్నాడు.

రెడ్డి తల ఎత్తకుండా ముందున్న కాగితాలు సర్దాడు.

"పండుకునేదానికి గూడా సెలవేందప్పా..." అని గొణిగాడు. తర్వాత గుమాస్తా వైపు తిరిగి "సరే, రాసుకో. ఆ దినం పని లేదు. ఎవురి పేరూ కొట్టేసేది లేదు" అన్నాడు.

బయటికి రాగానే నాయన అరుగు మీద కూలబడి, నీళ్లు తెమ్మన్నాడు.

మంగళవారం వచ్చింది. కోడిపుంజు జైల్లో భద్రంగా ఉంది. ఇంకా చీకటి వీడలేదు... గేరి అదిరిపోయేలా తప్పెట మోగింది. ఊళ్లో దండోరా వేసే ఓబులేసు.

"ఈ దినం ఊరికంతా సెలవహో... ఎవురూ పనికి పోయేది లేదహో..."

నాయన ఉలిక్కిపడి లేచి, నిద్రకళ్లతోనే తలుపు దగ్గరికి పరుగెత్తాడు. పాత భయం అది. గడియ మీద చెయ్యి వేశాక గానీ ఓబులేసు మాటలు చెవికెక్కలేదు. మెల్లగా తలుపు తీశాడు.

"ఏమప్పా ఓబులేసూ, సెలవని చెప్పేదానికి ఊరంతా లేపితివే. నువ్వూ పోయి పండుకో. నీకూ సెలవే గదప్పా" అన్నాడు.

ఓబులేసు తప్పెట చంకన పెట్టుకుని నవ్వుకుంటూ పోయాడు. నాయన మళ్లీ ముసుగేశాడు. కాసేపటికి గురక... నిజమైన గురక. అమ్మ చేతిలో చీపురు పక్కన పెట్టేసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నా ప్రాణం ఎంత తేలికపడిందో చెప్పలేను. నాయన మధ్యాహ్నం దాకా లేవలేదు.

ఇప్పుడు నాయన లేడు. ఆ మంగళవారం సంగతి ఊళ్లో కుర్రకారుకు తెలియనే తెలియదు. మా మనవడు తొమ్మిదైనా ముసుగుతన్ని పడుకుంటే, లేపండత్తా అని కోడలు కేకేస్తుంది... నాకు చేతులు రావు. పడుకోనీమ్మా అంటాను.

మీ ఇంట్లో పొద్దెక్కేదాకా నిశ్చింతగా పడుకున్న మొదటి మనిషి ఎవరు... చెప్పరూ?