ఊదా రంగు వానపాము

శనివారం పొద్దున్నే ఎల్విన్ టేటమ్ అలబామాలోని ఒక సరస్సు గట్టున, ఎరల కొట్లో, చవక రకాల డబ్బా ముందు నిలబడతాడు. మెత్తటి ప్లాస్టిక్ వానపాముల్ని ఒక్కొక్కటే తీసి సాగదీస్తాడు, తోక ఆడించి చూస్తాడు, చివరికి ముక్కు దగ్గర పెట్టుకుంటాడు. చేపల్ని రప్పించడానికి పట్టించే సోంపు వాసన రాకపోతే పక్కన పడేస్తాడు.

"ఏం బాబాయ్, పెళ్లిచూపులా? బాస్ చేపలకి ఇంత పట్టింపు లేదులే," అంటుంది కొట్టు నడిపే మెర్లీన్.

"చేపలకి లేదమ్మా, మా తమ్ముడికుంది."

తమ్ముడు రాయ్ పోయి ఏడాదైందని తెలిసిన మెర్లీన్ డబ్బాను అతని వైపు జరుపుతుంది. తనకు నల్లవి, రాయ్‌కి ఊదావి తీసుకుని ఎల్విన్ పడవెక్కుతాడు. రెండు గేలాలూ వేసి, ఊదా ఎర ఉన్న కర్రను రాయ్ కూర్చునే ముందు సీటుకు ఆనిస్తాడు.

ఈవేళ ఆ కర్రే వంగింది. నలభై ఏళ్లుగా అంతే, చేపలన్నీ ఊదాకే. ఒకరి గేలం ఇంకొకరు ముట్టుకోకూడదన్నది అన్నదమ్ముల నియమం. ఎల్విన్ చేతులు ఒళ్లో పెట్టుకు కూర్చున్నాడు.

"లాగరా రాయ్, నిద్రపోతున్నావా?"

దారం కాసేపు బిగిసి, మెల్లగా వదులైంది; చేప ఎరను లాక్కుపోయింది. తమ్ముడి గేలానికి ఎర గుచ్చిపెట్టడం మాత్రం ఎప్పుడూ అన్న పనే. ఎల్విన్ ఇంకో ఊదా వానపామును తీశాడు.