రెండు వీధి తలుపుల పార్సనేజి

ఎనభైల మొదట్లో న్యూజెర్సీ పిస్కాటవేలో మా అపార్ట్‌మెంట్ వాళ్ళు లీజ్ ఇక పొడిగించేది లేదన్నారు. ప్రతి ఆదివారం మా హాల్లో తెలుగు ఆరాధన జరిగేది. పాతికమంది గొంతెత్తి పాడుతుంటే పక్కవాళ్ళు మాత్రం ఎన్నాళ్ళని ఓర్చుకుంటారు? అప్పుడు నాకు ఏడో నెల. నెలాఖరుకి ఇల్లు దొరక్కపోతే ఎక్కడికి పోవాలన్న బెంగతో నిద్ర పట్టేది కాదు. ఇంగ్లీషు పద్ధతిలో కట్టిన పాత పార్సనేజి ఒకటి అమ్మకానికుందని పేపర్లో చూశాను. పార్సనేజి అంటే పాస్టరుగారి బంగళా. మా ఆయన పాస్టరుగారబ్బాయే కాబట్టి ఎగిరి గంతేస్తారనుకున్నాను. "చూద్దాంలే" అన్నారు, అంతే.

శనివారం పొద్దున్నే బయల్దేరాం. 287 హైవే మీదుగా 202 రోడ్డు పట్టుకుని ఫ్లెమింగ్టన్ వైపు వెళ్తే సుమారు గంట ప్రయాణం, టోల్ ఏమీ లేదు. దారిలో ఆగి, ఇద్దరికీ కలిపి ఐదు డాలర్లలోపే టిఫిన్ చేశాం. ఆయన ప్లేటు ముట్టలేదు.

"ఏమండీ, ఒంట్లో బాలేదా?"

"బానే ఉంది. నువ్వు తిను."

ఇంగ్లండు నుంచి వచ్చిన ఒక పాస్టరు ఆ ఇంటిని తన దేశంలోలాగే కట్టించాడట. ఏటవాలు పలకరాతి కప్పు, పొడుగాటి ఇటుక పొగగొట్టాలు, మెట్ల దగ్గర పైన మొన తేలిన కిటికీ. వీధివైపు రెండు తలుపులు. ఒకటి ఇంట్లోవాళ్ళకి. రెండోది నేరుగా పాస్టరుగారి చదువుగదిలోకి, కష్టం చెప్పుకోవడానికి వచ్చినవాళ్ళు ఇంటివాళ్ళను దాటుకుని వెళ్ళక్కర్లేకుండా. చర్చి సంఘం పలచబడి ఇల్లు అమ్మేస్తే, ఇప్పుడు మాకు చూపిస్తున్న మార్గరెట్ అనే ఆవిడ కొని, ఆ గదికీ హాలుకీ మధ్య గోడ తీయించారు. అందులో నలభైమంది హాయిగా కూర్చోవచ్చు. నాకు ప్రాణం లేచొచ్చింది.

మా ఆయన మాత్రం బూట్లు గుమ్మంలోనే విప్పి, చేతులు వెనక్కి కట్టుకుని, గదుల మధ్యలోనే నడిచారు. గోడ తాకలేదు, కూర్చోమంటే కూర్చోలేదు. మార్గరెట్ మొహం చిన్నబోయింది. సాయంత్రం ఇంకెవరో చూడటానికి వస్తున్నారని చెప్పారావిడ.

"ఏదో ఒకటి మాట్లాడండి. ఆవిడేమనుకుంటారు?" అని తెలుగులో గొణిగాను.

ఆయన ఆవిడ వైపు తిరిగారు. "ఈ గోడకి మేకు కొట్టుకోవచ్చా?"

"కొనుక్కున్నాక మీ గోడే కదా" అన్నారావిడ, అర్థంకాక.

"మళ్ళీ ఎవరూ వచ్చి ఖాళీ చేయమనరు కదా?"

"ఎవరంటారు?"

ఆయన మెట్టు మీద కూర్చున్నారు. చిన్నప్పుడు వాళ్ళ నాన్న ఏ ఊరు మారినా పార్సనేజిలోనే ఉండేవారట. సంఘం గోడకి మేకు కొట్టకూడదని పెళ్ళి ఫోటో కూడా ట్రంకుపెట్టెలోనే దాచేవారట. నాన్న పోయాక, కొత్త పాస్టరుగారి సామాను బండి గుమ్మంలో నిలబడి ఉండగా వీళ్ళు బయటికి నడిచారు. "పార్సనేజంటే మనది కాదనే నాకు తెలుసు సునీతా" అన్నారు. నాకు ఏడుపు ఆగలేదు. కాసేపటికి ఆయనే లేచి, ఇల్లు తీసుకుంటామని మార్గరెట్‌తో చెప్పారు.

ఇంటి ప్లాను చూస్తే ఎవరు ఎటునుంచి లోపలికి రావాలో తెలుస్తుంది. ఎవరు ఎప్పుడు వెళ్ళిపోవాల్సి వచ్చిందో ఏ ప్లానూ చెప్పదు. అలాంటి పాత ఇల్లు మీరూ కొంటే ఒక్క మాట గుర్తుంచుకోండి. అవి సున్నపు పూత గోడలు, మేకు కొట్టేచోట ముందుగా టేపు అంటించాలి. ఆ సంగతి మాకు తెలియదు. అత్తయ్యగారి పెళ్ళి ఫోటో కోసం ఆయన కొట్టిన మొదటి మేకుకే అరచేయంత పెచ్చు ఊడి కిందపడింది. నేను హడలిపోయి చూస్తే, ఆయన సుత్తి పట్టుకుని నవ్వుతున్నారు. "పడనీవే, మన గోడే కదా."